జామాయ్ షష్ఠి నాడు ఫైనల్

కొడుకు బెంగాలీ పిల్లని చేసుకున్నాడని ఆర్థర్ ఏనాడూ బాధపడలేదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మూడు తరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లకి అలాంటి పట్టింపులుంటే రోజు గడవదు. కోడలు ఝుమా మంచి పిల్ల. చర్చికీ వస్తుంది, కాళీపూజకీ వెళ్తుంది, మామగారి బీపీ మాత్రలు అయిపోతే ఆయనకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. కాబట్టి కడుపుమంట అక్కడ మొదలవలేదు. పెళ్లయిన మూడో నెలలో కొడుకు టోని ఒంటి మీద పసుప్పచ్చ జెర్సీ చూసినప్పుడు మొదలైంది.

ఆ జెర్సీ ఇందా నవీన్ సంఘానిది. ఇందా అంటే రైల్వే హద్దు దాటాక వచ్చే బెంగాలీవాళ్ల పేట. ఆర్థర్ ఇంటి జెర్సీ ఎర్రది, బెథానీ స్పోర్టింగ్‌ది. బాయిలర్ షాపులో పనిచేసిన ఆర్థర్ తండ్రి ఏబెల్ ఆదివారం ఆరాధన అయ్యాక కుర్రాళ్లని పోగేసి పెట్టిన క్లబ్బు అది. ఏబెల్ పోయాక ఆర్థర్ ఆడాడు, ఆట మానాక సెక్రటరీ అయ్యాడు. టోని అయితే నిక్కరు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకునే వయసు నుంచీ బెథానీకే ఆడాడు. ఎడమ వింగులో వాడు బంతి తీసుకుని లైను వెంట పరుగందుకుంటే, ఎదుటి బ్యాకు రైలు తప్పిపోయినవాడిలా నిలబడి చూడాల్సిందే.

అలాంటివాణ్ణి వియ్యంకుడు ఎత్తుకుపోయాడు.

వియ్యంకుడి పేరు హారాధన్ మాయితి. ఇందాలో సైకిళ్ల షాపు, నవీన్ సంఘానికి సెక్రటరీ. మనిషి గుండ్రం, మాట తియ్యన. "మీ క్లబ్బు ఏడాదికి ఒక్క షీల్డే ఆడుతుంది, మాది జిల్లా లీగు ఆడుతుంది, పిల్లాడికి మంచిది కదా బెయాయ్ మొశాయ్" అన్నాడు. బెయాయ్ మొశాయ్ అంటే వియ్యంకుడుగారూ అని. టోని తండ్రి మొహం చూశాడు. ఆర్థర్ పెద్దమనిషిలా నవ్వి "ఎల్లరా, ఆడు" అన్నాడు. నోటితో అన్నాడు. లోపల మాత్రం ఆ రాత్రి పెళ్లాం కృపమ్మ వండిన చేపల పులుసు కూడా చేదుగా తగిలింది.

ప్రాక్టీసుకి దగ్గరని టోని, ఝుమాల కాపురం కూడా ఇందాకే మారింది. అప్పట్నుంచి ఆర్థర్ సైకిలు ట్యూబుకి ఎక్కడలేని రోగాలూ వచ్చాయి. కాలనీలో పంక్చరు వేసేవాళ్లు లేనట్టు ఇందా దాకా తొక్కుకుంటూ వెళ్లేవాడు. వెళ్లి, షాపు పక్కనున్న మైదానంలో నవీన్ సంఘం ప్రాక్టీసు చూసేవాడు. అక్కడ చూసింది చూసి ఇంటికొచ్చి పెళ్లాం మీద పడేవాడు.

"ఆడి బూట్లు ఆయన పట్టుకుంటన్నాడే! సెక్రటరీ అట! సిగ్గు లేదేటి?"

"మీరు పట్టుకోలేదని ఆయన పట్టుకుంటన్నాడు" అంది కృపమ్మ, కూర తరుగుతూ.

"సెమట తుడుత్తన్నాడు, తువ్వాలెట్టి. నా కొడుకు సెమట తుడవడానికి ఆడెవడు?"

"మీరెప్పుడైనా తుడిసినారేటి?"

తుడవలేదు. నిజం చెప్పాలంటే టోని గోలు కొట్టిన రోజున కూడా ఆర్థర్ ఇంటికొచ్చాక, రెండో హాఫ్‌లో వాడు వదిలేసిన పాసు గురించే గంటసేపు చదివేవాడు. మెచ్చుకుంటే పిల్లలు పాడైపోతారని వాళ్ల నాన్న నేర్పాడు. హారాధన్‌కి ఆ చదువు ఎవరూ చెప్పలేదు. టోని కార్నర్ తీసుకోవడానికి వెళ్లినా మైకులో "ఆమార్ జామాయ్! మా అల్లుడు!" అని అరిచేవాడు. ఆ అరుపు వినపడినప్పుడల్లా ఆర్థర్ చెవుల్లో సీసం పోసినట్టుండేది. టోని మాత్రం ఆ అరుపుకి సిగ్గుపడుతూ నవ్వేవాడు. అంతలా నవ్వడం ఆర్థర్ తన ఇంట్లో చూడలేదు. అదే ఎక్కువ మండింది.

మనిషికి కుళ్లు పుడితే దానికో లెక్క కూడా పుడుతుంది. ఆర్థర్ లెక్క ఇదీ: ఇందావాళ్లు గెలిపిస్తే నెత్తిన పెట్టుకుంటారు, ఓడిస్తే మురిక్కాలవలో తోస్తారు. టోని ఆ పసుప్పచ్చ జెర్సీలో ఒక్కసారి పెద్ద మ్యాచ్ చెడగొడితే చాలు, వాళ్లే బయటికి పొమ్మంటారు. అప్పుడు వాడు ఇంటికి రాక ఎక్కడికి పోతాడు? ఎర్ర జెర్సీ ఇస్త్రీ చేసి బీరువాలోనే ఉంది.

ఆ ఏడు రైల్వే కాలనీ పేరు మీద ఆడే సెటిల్‌మెంట్ షీల్డు ఫైనల్‌కి ఒక పక్క నుంచి బెథానీ వచ్చింది, ఇంకో పక్క నుంచి నవీన్ సంఘం వచ్చింది.

ఫైనల్ ఏ రోజు పెట్టాలో తేల్చడానికి షీల్డు కమిటీ రెండు క్లబ్బుల సెక్రటరీలనీ పిలిచింది. మైదానం పక్క గదిలో ఫ్యాను కిందకి కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. జూన్ నెల, వాన జాడ లేదు, ఉక్క చంపేస్తోంది. ఆదివారం పెడదామా అన్నారు కమిటీ పెద్దాయన.

"ఆదివారం మాకు ఆరాధన ఉంటుంది, జనం అలిసిపోయి వస్తారు" అన్నాడు ఆర్థర్. "బుధవారం పెట్టండి, నాలుగు గంటలకి. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ సర్కారు ఆఫీసులకి సెలవే. జనం బాగా వస్తారు."

బుధవారం సెలవెందుకా అని హారాధన్ ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత కళ్లు పెద్దవి చేశాడు. "బుధవారం జామాయ్ షష్ఠి కదా! అల్లుళ్ల పండగ! మీకు గుర్తుందా బెయాయ్?" లేచి వచ్చి, చెమట ఒంటితోనే ఆర్థర్‌ని గట్టిగా కావలించుకున్నాడు. "అల్లుడి పండగ నాడు అల్లుడు ఆడాలని మీరు రోజు చూసి పెట్టారు. మా ఇంటిది వింటే ఏడుస్తుంది." కమిటీవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఆర్థర్ ఆ కౌగిట్లో ఊపిరాడక, మొహం ఎటు తిప్పాలో తెలీక గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు.

గుర్తుండకేం? బాగా గుర్తుంది. జామాయ్ షష్ఠి నాడు బెంగాలీ అత్తగారు పొద్దున్నుంచి ఉపవాసం ఉండి, అల్లుణ్ణి పీట మీద కూర్చోబెట్టి, మణికట్టుకి పసుపు దారం కట్టి, విసనకర్రతో విసురుతూ తినిపిస్తుంది. ఆమె ఎంత వడ్డిస్తే అంత తినాలి. అంతవరకూ ఎవరికైనా తెలుసు. ఆర్థర్‌కి తెలిసినది ఇంకొకటుంది.

అదేమిటంటే, నిశ్చితార్థం నాడు మాయితీల ఇంట్లో భోజనం పెట్టారు. ఆర్థర్ ఇంట్లో ఏబెల్ కాలం నుంచి ఒక కట్టడి: కంచంలో మెతుకు మిగల్చకూడదు. ఆకలి చూసి భీమిలి వదిలొచ్చిన మనిషి ఏబెల్. మెతుకు వదిలిన పిల్లల్ని ఆ మెతుకు తినేదాకా లేవనిచ్చేవాడు కాదు. ఆ అలవాటు కొద్దీ ఆర్థర్ కంచం తుడిచినట్టు ఖాళీ చేశాడు. మాయితీల ఇంట్లో మర్యాద వేరు. ఖాళీ కంచం కనబడితే అతిథికి ఆకలి తీరలేదని అర్థం. వెంటనే మళ్లీ వడ్డించారు. ఆర్థర్ మళ్లీ ఖాళీ చేశాడు. మళ్లీ వడ్డించారు. వదిలేస్తే వీళ్లని అవమానించినట్టని ఇతను, పెట్టకపోతే అతన్ని అవమానించినట్టని వాళ్లు. చివరికి టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు, మర్నాడు షిఫ్టుకి వెళ్లలేకపోయాడు. హారాధన్ ఈ రోజుకీ "మా ఇంటిదాని వంట మా బెయాయ్‌కి ప్రాణం" అని చెప్పుకుంటాడు.

టోనిది కూడా అదే పెంపకం. పైగా వాడికి వద్దు అనడం రాదు. అందుకే ఎవరడిగినా ఆడతాడు.

మీటింగు నుంచి బయటికొచ్చాక బెథానీ మేనేజరు అప్పలకొండ సైకిలు నడిపించుకుంటూ పక్కన చేరాడు. వర్క్‌షాపులో ఆర్థర్‌తో పాతికేళ్లు పనిచేసినవాడు, నోరు ఊరుకోదు.

"అన్నియ్యా, ఆల్ల పండగ నీకెలాగ తెలిసినాది?"

"మిఠాయి కొట్లో కేలండరుంటే సూసినాను. నీకెందుకు?"

అప్పలకొండ రెండడుగులు వేసి ఆగాడు. కాసేపు ఆలోచించి, పకపకా నవ్వాడు. "అయ్యబాబోయ్! అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శని అంటారు. ఈ అల్లుడికి శని నువ్వేనేటి అన్నియ్యా?"

"నోరు ముయ్యి" అన్నాడు ఆర్థర్. కానీ మూతి చివర నవ్వు ఆగలేదు. చాలా నెలల తర్వాత ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

బుధవారం పొద్దున్న టోని ఫోన్ చేశాడు.

ఆర్థర్ వరండాలో కూర్చుని విజిల్ తాడు కట్టుకుంటున్నాడు. తెర మీద కొడుకు పేరు చూసి తాడు కింద పడేశాడు. మ్యాచ్ ఉన్న రోజున వాడు ఫోన్ చెయ్యడం మానేసి ఏడాది దాటింది.

"నాన, నాకు ఒక మాట సెప్పు" అన్నాడు టోని. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, పక్కన ఎవరో ఉన్నట్టుంది. "ఇక్కడ వంటలు సూస్తే బయమేస్తంది. అత్తయ్య తెల్లారకముందే మొదలెట్టినారు. నీళ్లు కూడా తాగలేదు ఆవిడ. నాలుగింటికి మ్యాచ్. తినకపోతే బాధపడతారు, తింటే పరిగెత్తలేను. ఏటి సెయ్యమంటావు?"

కొడుకు తనని అడిగాడు. మామగారిని కాదు, ఇందా కోచ్‌ని కాదు, తనని. 'ఒద్దురా, కొంచెం పెరుగన్నం తిని, మిగిలింది రాత్రికి తింటానని సెప్పు. నే మాట్లాడతాను మీ అత్తగారితో' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంకొక్క క్షణం టోని ఊరుకుని ఉంటే ఆ మాట బయటికి వచ్చేసేదే.

"పైగా మావగారు శానా ఆశెట్టుకున్నారు నాన" అన్నాడు టోని. "ఈ ఒక్క షీల్డు ఆయన కోసం గెలవాలి. ఆయనకి తప్ప ఎవుళ్లకి గెలిసి ఇస్తాను?"

ఎవుళ్లకి గెలిచి ఇస్తాను! చిన్నప్పట్నుంచీ బెథానీకి ఆడినవాడు అన్న మాట అది. ఎర్ర జెర్సీలో రెండు షీల్డులు గెలిచి తెచ్చాడు, అప్పుడెప్పుడూ ఇది నీ కోసం నాన అనలేదు. ఆర్థర్ నాలిక చివరున్న మాట వెనక్కి పోయింది.

"పెద్ద మనిషి ఉపాసం ఉండి పెడతంటే కాదనకూడదురా" అన్నాడు. తన గొంతు తనకే చాలా నెమ్మదిగా, చాలా ప్రేమగా వినపడింది. "తాత ఏటి సెప్పేవోడు? కంచంలో ఒగ్గీకు. పెట్టింది తిను. దేవుడు సూసుకుంటాడు."

"సరే నాన" అన్నాడు టోని. వాడు ఎప్పుడూ సరే అనే అంటాడు.

నాలుగింటికి మైదానం చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. తాల్‌బగీచా నుంచి, ప్రేమ్ బజార్ నుంచి కూడా వచ్చారు. ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క పసుపు. కృపమ్మ గొడుగేసుకుని బెథానీ బెంచీ వెనక కూర్చుంది. హారాధన్ అవతలి గీత దగ్గర, కొత్త పంచె కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని నిలబడ్డాడు. టోని మణికట్టు మీద పసుపు దారం మెరుస్తోంది. వాడి నడక చూసి ఆర్థర్‌కి అంతా అర్థమైపోయింది. కొత్తగా నీళ్లు పట్టిన బిందెని మోసేవాడిలా జాగ్రత్తగా నడుస్తున్నాడు.

విజిల్ పడింది. మొదటి బంతే టోనికి వచ్చింది. ఎడమ లైను ఖాళీగా ఉంది. ఇందా జనం లేచి నిలబడ్డారు. టోని పరుగందుకున్నాడు, నాలుగంగలు వేశాడు, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు. బంతి గీత దాటి బయటికి పోయింది.

ఆర్థర్ కుడికాలు దానంతటది ఊగడం మొదలెట్టింది. సంతోషంగా ఉన్నప్పుడు దానికదే ఊగుతుంది.

హాఫ్ టైం దాకా అదే వరస. టోని దగ్గరికి బంతి రావడం, వాడు ఆయాసపడటం, బెథానీ కుర్రాళ్లు ఎత్తుకుపోవడం. ఇందా పక్క నుంచి మొదట "కమాన్ టోని!" అన్నారు, తర్వాత "ఏమైంది రా?" అన్నారు, తర్వాత ఏమీ అనలేదు. హారాధన్ ఒక్కడే అరుస్తున్నాడు. హాఫ్ టైంలో టోని గోలుపోస్టు వెనక్కి వెళ్లి వంగి కక్కుకోబోయాడు. రాలేదు. హారాధన్ వెళ్లి వీపు నిమిరాడు, నీళ్లు పట్టాడు, తల మీద పోశాడు.

"ఏటైనాది ఆడికి?" అంది కృపమ్మ, లేచి నిలబడి. "జొరమేటి?"

కృపమ్మ మొగుడి మొహం చూసింది. తర్వాత కిందకి చూసింది, ఊగుతున్న కాలు కేసి. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఆడదానికి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"బుధవారమని డేటు మీరే కదా పెట్టించినారు" అంది.

"అయితే?"

"పొద్దున్న ఆడు ఫోను సేసినాడు. మీరు తినమన్నారు. నేను ఇన్నాను." ఆమె గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "కడుపు మీద కొట్టడమంటే తిండి లేకుండా సెయ్యడమనుకున్నాను ఇన్నాళ్లూ. తిండెట్టించి కొట్టినారు మీరు. సొంత కొడుకుని."

"ఆడు ఇంటికి రావాలే" అన్నాడు ఆర్థర్. "ఒక్క మ్యాచే కదా. ఒక్కటి పోతే ఆళ్లే ఒగ్గేస్తారు. మనింటికొచ్చేస్తాడు. నీకొద్దేటి?"

కృపమ్మ గొడుగు మూసింది. ఎండలోనే నడుచుకుంటూ మైదానం చుట్టూ తిరిగి అవతలి పక్కకి, ఝుమా నిలబడ్డ వైపు వెళ్లిపోయింది. ఆర్థర్ పిలవలేదు. ఆట మొదలైపోయింది.

రెండో హాఫ్ ముగియబోతుండగా పడింది దెబ్బ. బెథానీ రైట్ బ్యాకు జెఫ్రీ అని ఒకడున్నాడు, మనిషి దిట్టమే గానీ పుట్టి బుద్ధెరిగాక పరుగులో ఎవర్నీ దాటినవాడు కాదు. చర్చికి కూడా ఆలస్యంగానే వస్తాడు. ఆ జెఫ్రీ, టోని కాళ్ల దగ్గర బంతి లాక్కున్నాడు. టోని వెంటపడ్డాడు. అందుకోలేకపోయాడు. జెఫ్రీ పరిగెడుతూనే ఉన్నాడు, టోని వెనకబడుతూనే ఉన్నాడు, చివరికి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆగిపోయాడు. జెఫ్రీ సెంటర్ కొట్టాడు, బెథానీ ఫార్వర్డు తల ఆనించాడు, గోలు.

ఎరుపు పక్క గంతులు, డప్పులు. పసుపు పక్క నుంచి ఎవడో ఒకడు అరిచాడు. "గటప్! గటప్ మ్యాచ్!" అంటే ముందే మాట్లాడేసుకుని ఆడిన ఆట అని. ఇంకొకడు అందుకున్నాడు. "జెఫ్రీ దాటాడట టోనిని! మనం గుడ్డివాళ్లమా? వాళ్ల బాబు క్లబ్బుకి అమ్మేశాడు!" విజిల్ పడేసరికి ఆ మాట మైదానమంతా అంటుకుంది.

ఇలా జరుగుతుందని ఆర్థర్ లెక్కలో లేదు. బాగా ఆడలేదంటారు, తీసేస్తారు, అంతే అనుకున్నాడు. దొంగ అంటారనుకోలేదు.

కుర్రాళ్లు ఆర్థర్‌ని లాగి షీల్డు చేతిలో పెట్టారు. అప్పలకొండ ఒళ్లు తెలీకుండా ఎగురుతున్నాడు. ఆ ఎర్ర జెర్సీల మధ్య నుంచి ఆర్థర్ అవతలికి చూశాడు. టోని చుట్టూ జనం మూగారు. ఎవడో మెడ దగ్గర జెర్సీ పట్టుకుని లాగుతున్నాడు. "విప్పరా! ఇది నీ ఒంటి మీద ఉండకూడదు!" అంటున్నాడు. టోని ఏమీ అనడం లేదు. వాడికి అనడం రాదు. కృపమ్మ జనాన్ని తోసుకుంటూ అరుస్తోంది, ఆమె తెలుగు ఎవరికీ అర్థం కావడం లేదు.

ఆర్థర్ షీల్డు జెఫ్రీ చేతిలో పడేసి పరిగెత్తాడు. అప్పటికే హారాధన్ ఒక కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. కొత్త పంచె మట్టి కొట్టుకుపోయింది.

"వాణ్ణి వదలండి!" అని బెంగాలీలో అరిచాడు. "తప్పు నాది. పండగని నా ఇంట్లో కూర్చోబెట్టి తినిపించాం. వాడు కంచం ఖాళీ చేస్తుంటే మేం నింపుతూ పోయాం. వాడు చాలు అనలేదు, మేం ఆపలేదు. నేను సెక్రటరీని, నాకు తెలియాలి, నాకు తెలియలేదు. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టండి. రేపట్నుంచి సెక్రటరీగా నేనుండను. కానీ మా అబ్బాయి అమ్ముడుపోయాడన్నవాడు నా ఎదురుగా రావాలి."

మా అబ్బాయి అన్నాడు. అల్లుడు అనలేదు.

ఆ ఒక్క మాటకి ఆర్థర్ ఒళ్లంతా భగ్గుమంది. ఆ తప్పు ఎవరిది? ఆ తప్పు కూడా ఈయనే తీసుకుంటాడా? కొడుకుని తీసుకున్నాడు, కొడుకు నవ్వు తీసుకున్నాడు, ఆఖరికి తండ్రి చేసిన వెధవపనిని కూడా తన నెత్తిన పెట్టుకుని పెద్దవాడైపోతాడా? జాలి పుట్టాల్సిన చోట కూడా ఆర్థర్‌కి పుట్టింది కుళ్లే. ఆ కుళ్లే అతన్ని జనం మధ్యకి తోసింది.

"ఆయన కాదు! నేను!" అని అరిచాడు, వచ్చిన బెంగాలీలో. "నేనే చేశాను. ఇవాళ పండగని నాకు తెలుసు. వీడు తింటాడని తెలుసు. తింటే పరిగెత్తలేడని తెలుసు. అందుకే బుధవారం పెట్టించాను. పొద్దున్న ఫోన్ చేస్తే తినమని నేనే చెప్పాను!"

వెనక నుంచి అప్పలకొండ వచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు. "అన్నియ్యా, నోరు ముయ్యి! గెలిసినాం కదా, షీల్డు పరువు తీసీకు!" అన్నాడు చెవిలో.

జనం ఒక్క క్షణం ఆర్థర్ మొహంలోకి చూశారు. తర్వాత ఒక ముసలాయన నవ్వాడు. ఆ వెనకే పదిమంది నవ్వారు.

"ఎవడైనా సొంత కొడుక్కి అలా చేస్తాడా?" అన్నాడు ముసలాయన. "కొడుకుని కాపాడుకోవడానికి ఎలాంటి కథ అల్లాడో చూడండి. కన్నతండ్రి మనసు!" దగ్గరికొచ్చి ఆర్థర్ భుజం తట్టాడు. "సరేలే కాకా. మాకూ పిల్లలున్నారు. వెళ్లండి, మీరు గెలిచారు, పండగ చేసుకోండి." జెర్సీ పట్టుకున్నవాడు సిగ్గుపడి వదిలేశాడు. ఇలాంటి తండ్రి ఉన్నవాడు ద్రోహం చెయ్యడని ఒకరికొకరు చెప్పుకుంటూ జనం పలచబడ్డారు.

అప్పలకొండని వదిలేస్తే, అంతమందిలో నమ్మినవాళ్లు ముగ్గురే. కృపమ్మకి ముందే తెలుసు. హారాధన్ కుర్చీ మీంచి దిగి, మీటింగు నాడు తను ఎవరిని కావలించుకున్నాడో ఇప్పుడే తెలిసినట్టు నిలబడిపోయాడు. టోని తండ్రి దగ్గరికి వచ్చాడు.

"పొద్దున్న నేనడిగినప్పుడే తెలుసా నాన?"

ఆర్థర్ తలూపాడు.

"నేను నీకే కదా ఫోను సేసినాను" అన్నాడు టోని.

కోప్పడితే బాగుండునని ఆర్థర్ ఎదురుచూశాడు. జీవితంలో ఒక్కసారి వాడు ఎదురు తిరిగి, తిట్టి, కాలర్ పట్టుకుంటే ఆ చెయ్యి పట్టుకుని అయినా ఇంటికి తీసుకుపోవచ్చు. టోని కోప్పడలేదు. తండ్రి మొహం కేసి ఇంకాసేపు చూసి, అటు తిరిగాడు. ఇన్నాళ్లూ హారాధన్‌ని 'కాకూ' అని పిలిచేవాడు, బెంగాలీ కుర్రాళ్లు ఊళ్లో పెద్దవాళ్లందరినీ పిలిచినట్టే. "బాబా" అన్నాడు ఇప్పుడు. తండ్రిని పిలిచే మాట అది. "బాబా, ఇంటికెళ్దాం. నాకు నిలబడటానికి ఓపిక లేదు."

హారాధన్ వాణ్ణి పట్టుకున్నాడు. ఆ మాటకి అతను పొంగిపోతాడనీ, గెలిచినట్టు తన వైపు చూస్తాడనీ ఆర్థర్ అనుకున్నాడు. అలా చూసినా ద్వేషించడానికి వీలుండేది. హారాధన్ తన తప్పేదో బయటపడ్డట్టు తలొంచుకున్నాడు. "మీరూ రండి బెయాయ్ మొశాయ్" అన్నాడు మెల్లగా. "మీరు కూడా పొద్దున్నుంచి ఏం తినలేదని కృపమ్మగారు ఝుమాతో అన్నారట. ఇంట్లో ఇంకా ఉంది."

ఆర్థర్ వెళ్లలేదు. కృపమ్మ మాత్రం ఆగలేదు. టోని మొహం కొంగుతో తుడిచి, వాడి చెయ్యి పట్టుకుని టోటో ఎక్కింది.

ఈలోగా బెథానీ కుర్రాళ్లు డప్పుతో వచ్చేశారు. "సెక్రటరీకీ జై!" అంటూ వద్దంటున్నా వినకుండా ఆర్థర్‌ని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు, షీల్డు మళ్లీ చేతిలో పెట్టారు. అంత ఎత్తు నుంచి ఇందా రోడ్డు బాగా కనిపిస్తోంది. టోటో నెమ్మదిగా పోతోంది. వెనక సీట్లో టోని, వాడికి ఒక పక్క తల్లి, ఇంకో పక్క హారాధన్. కొంత దూరం పోయాక టోని తల పక్కకి ఒరిగింది. తల్లి వైపు ఒరగలేదు. హారాధన్ తువ్వాలు తీసి వాడి మెడ మీద చెమట తుడిచాడు.

"నవ్వు అన్నియ్యా, ఫొటో తీస్తన్నారు!" అని కింద నుంచి అప్పలకొండ అరిచాడు.

ఆర్థర్ నవ్వాడు. ఫొటో బాగా వచ్చింది. బెథానీ గదిలో ఇప్పటికీ ఉంది, చూసినవాళ్లంతా ఎంత సంతోషంగా ఉన్నాడో సెక్రటరీ అంటారు. ఆ ఏడు నుంచి టోనిని ఎర్ర జెర్సీ వేసుకోమని అడిగినవాళ్లు లేరు, వాడూ అడగలేదు. ఆర్థర్ సైకిలు కూడా మళ్లీ పంక్చరు కాలేదు.